ఆవరణ అంటే కంచె: పడమటి చరిత్రను మన బడిలో చదవడం గురించి

సీతంపేట నుంచి పాలకొండ, పాలకొండ నుంచి శ్రీకాకుళం కాంప్లెక్సు, అక్కడ బస్సు మారితే ఎచ్చెర్ల. మా దగ్గర చదివిన పిల్లల్ని చూడాలంటే ఇప్పుడు మేం పట్టే దారి ఇది. హైవే పక్కన అంబేద్కర్ పేరుతో విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అప్పటినుంచి సవర, జాతాపు పిల్లలు కొందరైనా విశాఖపట్నం దాకా పోకుండా ఇక్కడే పైచదువులు చదువుతున్నారు. పోయిన వేసవిలో ఒక పిల్లాడి అడ్మిషన్ పని మీద వెళ్లి, ఆఫీసు తెరిచేదాకా చెట్టు కింద కూర్చున్నాం. ఒకప్పుడు మా దగ్గర అక్షరాలు దిద్దిన అమ్మాయి మమ్మల్ని చూసి పరుగున వచ్చింది.

ఆమె చేతిలో లావుపాటి నోట్‌బుక్. అట్ట మీద ‘ఆధునిక ప్రపంచ చరిత్ర’ అని రాసుకుంది. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ కలిపి చదువుతోందట. సివిల్స్ మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పేపర్లో 2013 నుంచి ప్రపంచ చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి జరిగిందంతా, ముఖ్యంగా పారిశ్రామిక విప్లవం, యుద్ధాలు, వలసలు, అన్నీ చదవాలి. సరదాకి నోట్సు తిరగేశాం. ‘ఇంగ్లండులోనే పారిశ్రామిక విప్లవం ఎందుకు మొదలైంది? కారణాలు: ఒకటి, బొగ్గు, ఇనుము. రెండు, వలస రాజ్యాలు. మూడు, ఆవరణోద్యమం...’

“ఆవరణోద్యమం అంటే ఏటమ్మా?” అని అడిగాం.

“బడి ఆవరణ లాంటిదే కదండీ మాస్టారూ. ఫ్యాక్టరీల చుట్టూ గోడలు కట్టీసుంటారు.”

నవ్వొచ్చింది. మరుక్షణం ఆ నవ్వు గొంతులో అడ్డుపడింది. ఆ మాట ఆమెకు చెప్పింది ఎవరు? మేమే. హైస్కూల్లో సోషల్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉంటే, డీఎడ్ చదివిన మాలాంటి వాళ్లే ఆ పీరియడ్లు తీసుకుంటారు. ‘ఆవరణోద్యమం’ అని బోర్డు మీద రాశాం. కింద గీత గీశాం. పరీక్షకు వస్తుంది, గుర్తుపెట్టుకోండి అన్నాం. అదేమిటో మాకూ సరిగా తెలియదు. తెలియదని తెలియనంతగా తెలియదు.

ఆ రోజు చెట్టు కింద కూర్చుని, ఆ తర్వాత మేం వెతికి చదువుకున్నంత మేరకు, ఆమెకు విడమరిచి చెప్పాం. ఇంగ్లండులో ఊరందరికీ ఉమ్మడిగా కొంత నేల ఉండేది. అక్కడ పశువులు మేపుకునేవాళ్లు, పుల్లలు ఏరుకునేవాళ్లు, కాయా పండూ కోసుకునేవాళ్లు. ఆ నేల చుట్టూ కంచె వేసి, ఇకనుంచి ఇది ఫలానా ఆసామిది అన్నారు. ముందు కొందరు సొంత బలంతో వేసుకున్నారు. తర్వాత పార్లమెంటే చట్టాలు చేసి వేయించింది. 1750 నుంచి 1850 దాకా నూరేళ్లలో అలాంటి చట్టాలు నాలుగు వేల దాకా వచ్చాయి. కంచె లోపలికి పోయిన నేల అరవై లక్షల ఎకరాలని లెక్క. ఆ పార్లమెంటులో కూర్చున్నది ఎవరు? భూస్వాములే. కంచే చేను మేయడం అని మనకో సామెత ఉంది కదా, అక్కడ కంచె చట్టం రాసి మరీ మేసింది. నేల పోయిన పేదలు కూలికి పోయారు, పట్నాలకు పోయారు, మిల్లుల్లో చేరారు. అదీ ఆవరణోద్యమం.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “అయితే మా గరువు మీద కందకం తవ్వీసినట్టే కదండీ.”

ఒక్క వాక్యం. పదేళ్లుగా మేం చెప్పలేకపోయిన పాఠం ఆ వాక్యంలో ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

పడమటి దేశాల చరిత్ర మన పిల్లలకు ఎలా అందుతోందో ఒకసారి చూద్దాం. అది అందేది మాటల్లో కాబట్టి ముందు మాటల దగ్గరే మొదలుపెడదాం. ‘నాగరికత’ అన్న మాట ఎక్కడిది? నగరం నుంచి వచ్చింది. నగరంలో ఉండేవాడు నాగరికుడు. కొండ మీద ఉండేవాడు పుస్తకం తెరవకముందే బయట నిలబడ్డాడన్న మాట. ‘పాశ్చాత్య నాగరికత’ అని శీర్షిక చూడగానే మా పిల్లాడు రెండుసార్లు బయటవాడు. పడమటివాడు కాదు, నగరంవాడూ కాదు.

ఇంకో మాట ‘కనుగొన్నాడు’. 1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు. ఈ ఒక్క వాక్యం రాయని పిల్లాడు మన రాష్ట్రంలో ఉండడు. పోయిన మేకను కనుగొంటాం. పుట్టలో తేనెను కనుగొంటాం. మనుషులు కాపురముంటున్న ఊరిని ఎలా కనుగొంటాం? కొలంబస్ దిగిన దీవుల్లో తాయినో ప్రజలు ఉన్నారు. వాళ్లకు పంటలు ఉన్నాయి, పెద్దలు ఉన్నారు, పండగలు ఉన్నాయి. తరం తిరిగేసరికి బంగారం కోసం చేయించిన వెట్టికీ, కత్తికీ, కొత్త రోగాలకీ వాళ్లలో అత్యధికులు పోయారు. ఆ దీవుల్లో వాళ్లు ఎంతమంది ఉండేవారో ఏ పిల్లాడికీ ప్రశ్నగా రాదు. కొలంబస్ ఎన్ని ఓడల్లో వెళ్లాడన్నది మాత్రం ఒక మార్కు ప్రశ్న. మూడు.

మూడో మాట ఆ ‘ఆవరణ’. కంచె అన్నది అందరికీ తెలిసిన తెలుగు మాట. కంచె అనివుంటే ఎచ్చెర్ల చెట్టు కింద మాకు ఆ సిగ్గు ఉండేది కాదు. ఇంట్లో సవర మాట్లాడే పిల్ల బడికొచ్చి తెలుగు నేర్చుకుంటుంది. ఆ తెలుగు వచ్చేసరికి పుస్తకంలోది వేరే తెలుగని తెలుస్తుంది. ఆ తెలుగు మెట్టు కూడా ఎక్కితే దాని వెనక ఒక ఇంగ్లీషు మాట ఉంటుంది. ఇన్ని మెట్లు ఎక్కేసరికి విషయం కిందెక్కడో జారిపోతుంది. గిడుగు రామమూర్తిగారు మన జిల్లా బిడ్డ. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు. సవరలకు వాచకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ముందు పిల్లవాడి మాట పంతులు నేర్చుకోవాలి, ఆ తర్వాతే పంతులు మాట పిల్లవాడు నేర్చుకుంటాడు అన్న పద్ధతి ఆయనది. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. ఆగస్టు 30న మళ్లీ ఆవరణోద్యమం అంటాం.

మాటల తర్వాత వరుస. పడమటి చరిత్రను మన పుస్తకాలూ గైడ్లూ చెప్పే వరుస ఒకటుంది. పునరుజ్జీవనం, మత సంస్కరణ, సముద్ర యాత్రలు, ఫ్రెంచి విప్లవం, యంత్రాలు, ఆ తర్వాత వలసలు. మనసు ముందు మేల్కొంది, తర్వాత యంత్రం వచ్చింది, తర్వాత ఆ వెలుగు మన దాకా వచ్చింది అన్నట్టు ఉంటుంది కథ. ఈ వరుసలో అడవి లేదు. ఉమ్మడి నేల లేదు. పుల్లలు ఏరుకునే ముసలమ్మ లేదు.

నిజానికి ఆమె అక్కడా ఉంది. మాగ్నా కార్టా 1215 అని ప్రతి గైడులో ఉంటుంది. రెండేళ్ల తర్వాత 1217లో ఇంగ్లండులోనే ఇంకో పత్రం వచ్చింది. దాని పేరు అటవీ శాసనం. రాజు అడవులని చెప్పి మూసేసిన నేలలో జనానికి హక్కులున్నాయని అది ఒప్పుకుంది. పందుల్ని మేపుకోవచ్చు. తన అడవిలో దొరికిన తేనె తానే తీసుకోవచ్చు. స్వేచ్ఛ ఉన్న మనిషికే అవి వర్తించాయి, బానిస కౌలుదార్లకు కాదు. అయినా రాజు చేత రాయించుకున్నారు. మన దగ్గర అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టం తన మొదటి పేజీలోనే ఒప్పుకుంది. చిన్న తరహా అటవీ ఫలసాయాల్లో తేనెను చేర్చింది. 1217 తేనెనూ 2006 తేనెనూ పక్కపక్కన పెట్టి ఒక్క పీరియడ్ చెప్పి చూడండి. వెనక బెంచీ పిల్లాడు కూడా ముందుకు జరుగుతాడు. మాగ్నా కార్టా ప్రభువుల గొడవ. అటవీ శాసనం పుల్లల గొడవ. మనకు మొదటిది చెప్పారు, రెండోది దాచారు అనం. చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

జర్మనీ సంగతి చూడండి. 1840ల మొదట్లో రైన్ నది ఒడ్డు రాష్ట్రంలో అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనం కింద లెక్కగట్టాలని అక్కడి సభలో చర్చ జరిగింది. ఇరవై నాలుగేళ్ల కార్ల్ మార్క్స్ 1842లో ఒక పత్రికలో దాన్ని విమర్శిస్తూ వ్యాసాలు రాశాడు. పేదవాడి అలవాటుగా వచ్చిన హక్కును చట్టం ఎలా నేరంగా మారుస్తుందో ఆయన అక్కడే మొదట పట్టించుకున్నాడు. ఆ రైన్ రాష్ట్రంలోని బాన్ పట్టణంవాడే డైట్రిచ్ బ్రాండిస్. ఆయనే 1864లో మన దేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1865లో అడవి చట్టం వచ్చింది. 1878లో ఇంకా గట్టిది వచ్చింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1878 చట్టం తయారయ్యేటప్పుడు ఊళ్లకు సొంత అడవులు ఉండనివ్వాలని వాదించినవాడు ఈ బ్రాండిసే. ఆయన మాట నెగ్గలేదు. మన ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. ఊరి హక్కులు పోతాయని మద్రాసు అధికారులే ఆ చట్టాన్ని ముందు వద్దన్నారు. చివరికి 1882లో మద్రాసుకూ సొంత అడవి చట్టం వచ్చేసింది. అంటే తెల్లవాళ్లంతా ఒకే మాట మీద లేరు. వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. ఓడినవాళ్ల మాట ఏమిటో తెలుసుకోవడం కూడా చరిత్రే. నెగ్గినవాడి సంతకం ఒక్కటే చూస్తే, అది ఆకాశం నుంచి పడ్డ పిడుగులా కనిపిస్తుంది. పిడుగుతో ఎవరు వాదిస్తారు?

ఇప్పుడు పుస్తకం సంగతి. ఈ మధ్య కొన్నేళ్లుగా మన రాష్ట్రంలో తొమ్మిదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకం తెచ్చారు. దాన్ని మేం తిట్టబోవడం లేదు. అందులో అడవి గురించి ఒక మంచి పాఠం ఉంది. ఇంగ్లండులో ఓక్ చెట్లు తరిగిపోతుంటే, ఓడలకు కలప కోసం 1820లలో మన అడవులు వెతకడానికి మనుషుల్ని పంపిన సంగతి ఉంది. ఒక మైలు రైలు పట్టాకు 1,760 నుంచి 2,000 దాకా స్లీపరు చెక్కలు కావాలని ఉంది. బస్తరులో 1910 తిరుగుబాటు ఉంది. ఇలాంటి పాఠం మేం చదువుకున్నప్పుడు లేదు. చదివిన రోజు మాలో ఒకరు ఆ పేజీలు ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకు చదివి వినిపించారు.

అయితే మా ఫిర్యాదు రెండు. మొదటిది: ఆ పాఠం ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీలు అయ్యాక విడిగా వస్తుంది. ముందు పడమటి చరిత్ర, తర్వాత అడవి. రెండింటినీ కలిపే వంతెన పంతులే కట్టుకోవాలి. రెండోది ఇంకా పెద్దది. ఆ వంతెన అదే పుస్తకంలో ఒకప్పుడు ఉండేది. ‘రైతులు, వ్యవసాయదారులు’ అన్న అర్థంలో ఒక పాఠం ఉండేది. అందులో ఇంగ్లండు కంచెలు ఉన్నాయి. 1830లో నూర్పిడి యంత్రాలను పగలగొట్టిన కూలీలు ఉన్నారు. వాళ్లు ‘కెప్టెన్ స్వింగ్’ అన్న లేని మనిషి పేరుతో ఆసాములకు బెదిరింపు ఉత్తరాలు రాసేవాళ్లు. 2019లో పిల్లల మీద భారం తగ్గించాలని ఆ పుస్తకంలోంచి మూడు పాఠాలు తీసేశారు. వాటిలో ఇది ఒకటి. బట్టల చరిత్ర ఒకటి, క్రికెట్ చరిత్ర ఒకటి. మన పిల్లల చేతికి పుస్తకం వచ్చేసరికి ఆ పాఠం లేదు.

భారం అంటే ఏమిటి? అర్థం కానిది భారం. తనకు సంబంధించినది ఎంత పెద్దదైనా పిల్లలు మోస్తారు. సంతకు నెత్తిన చీపుర్ల మోపు మోసుకెళ్లే పిల్లకు ఆరు పేజీల కంచె పాఠం బరువా? కంచె పాఠం పోయాక పుస్తకంలో పడమటివాడు ఎప్పుడూ పాలించేవాడిగానే, లేదా విప్లవం చేసేవాడిగానే కనిపిస్తాడు. నేల పోగొట్టుకున్నవాడిగా కనిపించడు. ఆ పాఠంలో మన పిల్లలకు తెలిసిన మనిషి వాడొక్కడే.

వలసలు మన దాకా వచ్చిన తీరు కూడా మన చుట్టూ చూపించొచ్చు. ఎచ్చెర్లలోనే నిలబడి చూడండి. పక్క మండలం పొందూరు. సన్న నూలు ఖద్దరుకు పేరు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసే పనితనం ఇప్పటికీ అక్కడ ఉంది. మిల్లు గుడ్డ చవక కాబట్టి మన మగ్గం ఆగిపోయిందని పాఠం చెబుతుంది. అంతకుముందు సంగతి చెప్పదు. మన దేశపు అద్దకం బట్టలు వాళ్ల నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి వాటిని ఆపింది. పోటీలో గెలిచి అమ్మారా, తలుపు వేసుకుని బలిసి ఆ తర్వాత అమ్మారా అన్నది పిల్లలు అడగాల్సిన ప్రశ్న. ఇటు ఆముదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషను. 1890లలో ఈ తీరం వెంట పట్టాలు పడ్డాయి. మైలుకు రెండు వేల చెక్కలు అన్న లెక్కను అక్కడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని పలాస దాకా వేయించండి. గుణకారం వస్తుంది, చరిత్రా వస్తుంది.

ఇంకాస్త ఎగువకు వెళ్తే బొబ్బిలి. బొబ్బిలి కథ వినని ఇల్లు ఉత్తరాంధ్రలో లేదు. బుర్రకథ చెప్పేవాళ్ల నోట తాండ్ర పాపారాయుడి పేరు వస్తే ముసలివాళ్లు కూడా లేచి కూర్చుంటారు. 1757 జనవరి 24న కోట మీద పడ్డ ఫిరంగులు బుస్సీవి. బుస్సీ ఫ్రెంచివాడు. మరి ఫ్రెంచివాడు బొబ్బిలికి ఎందుకు వచ్చాడు? ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు 1756 నుంచి 1763 దాకా ప్రపంచమంతా కొట్టుకున్నాయి. ఐరోపాలో కొట్టుకున్నాయి, కెనడాలో కొట్టుకున్నాయి, మన దగ్గరా కొట్టుకున్నాయి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. 1765 నాటికి ఈ సర్కారులు కంపెనీ పేరున ఫర్మానా ఎక్కాయి. ఏడేళ్ల యుద్ధం అని గైడులో చదివిన పిల్లకు, తన అమ్మమ్మ ఏడుస్తూ విన్న బొబ్బిలి కథకు ఆ పాఠంతో చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు. ప్రపంచ చరిత్ర ఒక నోట్‌బుక్కు, మన చరిత్ర ఒక నోట్‌బుక్కు. రెండూ వేరు వేరు పరీక్షలు.

ఇంకో జత చెబుతాం. 1801లో ఇంగ్లండు కంచెలకు ఉమ్మడి చట్టం చేసింది, ఒక్కో ఊరికీ వేసే కంచె సులువుగా పడేలా. 1802లో మన సర్కారు జిల్లాల్లో కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. చేసిన చేతులు వేరు కావచ్చు. వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. నేలకు ఒక్క యజమాని ఉండాలి, కాగితం మీద ఉండాలి. పదిమంది పది రకాలుగా వాడుకునే నేల వాళ్ల కంటికి ఖాళీ నేల. మన పోడు కొండ వాళ్ల కంటికి అలాగే కనబడింది. ఇంగ్లండు పేదవాడి బీడూ వాళ్ల కంటికి అలాగే కనబడింది. ఆధునిక కాలం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే, హేతువు, శాస్త్రం, స్వేచ్ఛ అని రాయమంటాం. రాయండి. దాంతోపాటు ఈ ఒక్క యజమాని సంగతి కూడా రాయమని మా కోరిక.

ఇక్కడ మనవాళ్లతోనూ కొంచెం పోట్లాడాలి. మన సమావేశాల్లో ఒక మాట వినిపిస్తుంటుంది. పడమటి చరిత్ర మనకెందుకు, మన పెద్దలు చెప్పిన కథలు చాలవా అని. పెద్దల కథలు మేమూ పోగుచేస్తున్నాం, పిల్లల చేత రాయిస్తున్నాం. కానీ గరువు మీద కందకం ఎందుకు పడిందో ఆ కథల్లో ఉండదు. చట్టం ఎక్కడ పుట్టిందో తెలియనివాడికి అది వానలా అనిపిస్తుంది. వచ్చినప్పుడు తడవాలి, పోయినప్పుడు ఆరాలి, అంతే. అది మనుషులు, ఫలానా ఏట, ఫలానా లాభానికి రాసిందని తెలిసినవాడు అర్జీ రాస్తాడు.

ఇంకో తప్పు కూడా మన దగ్గర ఉంది. అంతా తెల్లవాడే చేశాడు అనడం. అప్పు పత్రం రాసి కొండ నేల పట్టుకుపోయిన షావుకారు తెల్లవాడు కాదు, దిగువ నుంచి ఎక్కివచ్చిన మనవాడు. ఏజెన్సీలో నేల చేతులు మారకుండా మొదట 1917లో చట్టం చేసింది ఆ తెల్ల ప్రభుత్వమే. స్వాతంత్ర్యం వచ్చాక 1959లోనూ 1970లోనూ రెగ్యులేషన్లు తేవాల్సి వచ్చిందంటే, లాక్కునే చేతులు ఆగలేదనే కదా అర్థం. ఇంగ్లండు కూలీ, మన సవర రైతు ఒక్కటే అని కూడా మేం అనం. 1830లో యంత్రాలు విరిచినందుకు పట్టుబడ్డ కూలీలలో దాదాపు 500 మందిని ఆస్ట్రేలియాకు పంపేశారు. నేల పోయినవాళ్లు వెళ్లి దిగింది ఎవరి నేల మీద? అక్కడి ఆదివాసుల నేల మీద. ఆ దేశం ఎవరిదీ కాని ఖాళీ నేల అన్న వాదాన్ని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 1992లో గానీ కొట్టేయలేదు. దెబ్బ తిన్నవాడు ఇంకొకడి మీద దెబ్బగా మారడం కూడా ఈ చరిత్రలో ఉంది. అది దాచి చెబితే మనం గైడు రాసేవాళ్ల కంటే మెరుగు కాము.

అలాగే అక్కడ పుట్టిన మంచిని వదులుకోవడమూ పొరపాటే. 1789లో ఫ్రెంచివాళ్లు మానవ హక్కులు ప్రకటించారు. తమ చెరకు తోటల్లోని బానిసల్ని మాత్రం విడిచిపెట్టలేదు. ఆ బానిసలే 1791లో లేచారు. 1804లో హైతీ అనే దేశం కట్టుకున్నారు. హక్కుల మాటను ప్యారిస్ కంటే గట్టిగా పట్టుకున్నవాళ్లు వాళ్లు. దానికి శిక్షగా 1825లో ఫ్రాన్సు పదిహేను కోట్ల ఫ్రాంకుల పరిహారం అడిగింది, విడుదలైన బానిసల నుంచే. ఈ పాఠం లేకుండా ఫ్రెంచి విప్లవం సగం పాఠం. అంబేద్కర్ 1913లో అమెరికా వెళ్లి చదువుకున్నారు. పడమటి పుస్తకాలు ఆయన చదివినన్ని మనలో ఎవరం చదవం. అయినా 1954లో రేడియోలో మాట్లాడుతూ స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, బుద్ధుడి నుంచి తీసుకున్నానని చెప్పారు. ఆక్స్‌ఫర్డులో చదివిన ముండా బిడ్డ జైపాల్ సింగ్ 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఇద్దరూ పడమటి చదువు పూర్తిగా చదివారు. చదివాకే తమ కాళ్ల కింది నేల మీద నిలబడి మాట్లాడారు. చదవకుండా వద్దనడం వేరు, చదివి ఇది నాది, ఇది కాదు అనడం వేరు.

ఇంతకీ మేం ఇప్పుడేం చేస్తున్నాం? గొప్పగా ఏమీ లేదు. తీసేసిన కంచె పాఠాన్ని మా మాటల్లో నాలుగు పేజీలు రాసుకున్నాం. పారిశ్రామిక విప్లవానికి ముందు రెండు పీరియడ్లు అది చెబుతున్నాం. బడి మైదానంలో తాడు పట్టించి, సగం మంది పిల్లల్ని లోపల, సగం మందిని బయట నిలబెడతాం. బయటున్నవాళ్లు నిన్నటిదాకా ఇక్కడ ఏం చేసుకునేవాళ్లో ఒక్కొక్కరూ చెప్పాలి. చింతపండు అంటారు, అడ్డాకులు అంటారు, మేకలు అంటారు, ఒక పిల్లాడు ‘మా తాతను పాతిపెట్టినాం’ అన్నాడు. ఆ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఇంగ్లండుదానిలో కూడా. ఆ తర్వాత బోర్డు మీద కంచె అని రాస్తాం. పక్కన బ్రాకెట్లో ఆవరణోద్యమం అని రాస్తాం, పరీక్ష కోసం.

అలా చెప్పిన మొదటిసారే ఒక పిల్ల అడిగింది: “మాస్టారూ, ఆ కంచెలు మళ్లీ ఎప్పుడైనా తీసీనారా?”

మాకు జవాబు తెలియలేదు. వారం తర్వాత చెబుతామన్నాం, వెతికాం. నేల తిరిగి రాలేదు. కానీ 1932లో మాంచెస్టరు మిల్లు కూలీలు, ఇంకా చాలామంది కలిసి కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నిషేధం దాటి నడిచారు. కొందరు జైలుకు పోయారు. 2000లో వచ్చిన చట్టం అలాంటి కొండల మీదా బీళ్ల మీదా జనం నడిచే హక్కును ఒప్పుకుంది. నడక ఒక్కటే, మేపడం కాదు, పుల్లలు కాదు. అయినా కంచె వేసిన పార్లమెంటే కంచెలో దారి విడవాల్సి వచ్చింది. ఆ మాట చెప్పాక తరగతిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల మాత్రం నోట్సులో రెండు అంకెలు పక్కపక్కన రాసి, మధ్య తీసివేత గుర్తు పెట్టింది. 2000లోంచి 1932 తీస్తే అరవై ఎనిమిది.

“అన్నేళ్లా?” అంది.

ఎచ్చెర్లలో ఉన్న అమ్మాయికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాం. ఆమె తన నోట్సులో మూడో కారణం దగ్గర ఆవరణ కొట్టేసి కంచె అని దిద్దుకుందట. పరీక్షలో మార్కు పోతుందేమోనని మాకే భయమేసి, బ్రాకెట్లో రెండోది కూడా రాయమన్నాం.